పంచాయతీ మా యూత్‌ని ఫొటోలకే పిలుస్తోంది. అసలు పనిలోకి వెళ్ళే దారి చెప్పండి

ధర్మపురి_పోరడు
మాది జగిత్యాల జిల్లాలో చిన్న ఊరు. పాతికమంది దాకా యూత్ ఉన్నాం. వినాయక మండపంతో మొదలై, కరోనా టైంలో ఇళ్ళకు మందులు, సరుకులు చేరవేసిన దగ్గర్నుంచి కాస్త సీరియస్ అయ్యాం. రక్తదానం, మొక్కలు, మోరీల పూడిక... ఏది పిలిస్తే అది.

సమస్యేంటంటే పంచాయతీ మమ్మల్ని కూలి ఇవ్వక్కర్లేని కూలీల కింద చూస్తోంది. మొక్కలు నాటే రోజు పొద్దున్నే ఫోన్ వస్తుంది. గుంతలు మేం తవ్వుతాం. మండలం నుంచి సార్లు వచ్చి మొక్క పట్టుకుని ఫొటో దిగుతారు, వాట్సాప్ గ్రూపులో పెడతారు, అంతే. తర్వాత వాటికి నీళ్ళెవరు పోస్తారు, ట్యాంకర్ డీజిల్ ఎవరిది అని అడిగితే "మీకెందుకు తమ్మీ, మేం చూసుకుంటం" అంటారు. చూసుకోరు.

2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్ళు ఎన్నికైన సర్పంచ్ లేడు, ప్రభుత్వం పెట్టిన స్పెషల్ ఆఫీసరే దిక్కు. 2025 డిసెంబర్ ఎన్నికల్లో కొత్త సర్పంచ్ వచ్చాడు, మంచోడే. "మీరు ఏం చేయగలరో కాగితం మీద రాసియ్యండి, తీర్మానం పెడదాం" అన్నాడు. అందరం కూర్చున్నాం, ఏం రాయాలో ఒక్కరికీ తట్టలేదు. సొసైటీ రిజిస్టర్ చేయించాలా? మాలాంటోళ్ళకు ట్రైనింగ్ ఎవరైనా ఇస్తారా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఊరిమాట
గుంత మీది, ఫొటో వాళ్ళది. అన్ని ఊళ్ళలో ఇదే సిలబస్.

డాలస్_పల్లెటూరోడు
ముందు రిజిస్ట్రేషన్ చేయించండి. సొసైటీల చట్టం 2001 ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు. బైలాస్ రాసుకుని, సంఘం పేరున బ్యాంకు అకౌంట్ తెరవండి. మా ఊరి వాళ్ళం ఇక్కడ చాలామంది ఉన్నాం, ఊరికి పంపాలని అందరికీ ఉంటుంది. కానీ ఒక కుర్రాడి ఫోన్‌పే నంబరుకి ఎన్నాళ్ళని పంపుతాం?

లెక్కల_సారు
డాలస్ బాబూ, తొందరపడకు. నీ దగ్గర ఇంకా ఇండియా పాస్‌పోర్టే ఉండి, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే అది విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేని సంఘం దాన్ని ముట్టుకుంటే ఈ పిల్లలే ఇరుక్కుంటారు. ఎవరి పాస్‌పోర్టు ఏ రంగో వీళ్ళెక్కడ చూస్తారు?

ఇంకోటి. రిజిస్ట్రేషన్ అనగానే అధ్యక్షుడెవరు, కోశాధికారి ఎవరు అన్న గొడవ మొదలవుతుంది. పని మొదలవక ముందే రెండు వర్గాలు తయారవుతాయి. ఏటా సభ్యుల జాబితా దాఖలు చేయాలి, లెక్కలు ఆడిట్ చేయించాలి. ఒక ఏడాది పాటు పుస్తకాలు సరిగ్గా రాసి చూడండి. అది చేతనైతే అప్పుడు రిజిస్ట్రేషన్ సంగతి. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి, పుస్తకం రాయలేని సంఘాలు ఎన్ని మూతపడ్డాయో నా కళ్ళతో చూశాను.

డాలస్_పల్లెటూరోడు
ఎఫ్‌సీఆర్ఏ పాయింట్ ఒప్పుకుంటా సార్. ఏడాది ఆగమనడం మాత్రం ఒప్పుకోను. అకౌంట్ లేకపోతే డబ్బు ఎవరో ఒకరి జేబులోనే ఉంటుంది. గొడవలు అక్కణ్ణుంచే వస్తాయి.

లెక్కల_సారు
డబ్బు లేకుండా చేసే పనులు బోలెడున్నాయి నాయనా. ముందు అవి కానివ్వండి.

వీఓ_అక్క
తమ్ముడూ, ట్రైనింగ్ ఎవరిస్తారు అని అడుగుతున్నావు. మీ ఊళ్ళో గ్రామ సంఘం ఉంటుంది కదా, మహిళా సంఘాలది. ఆ మీటింగులో ఒక్కసారి వెనకాల కూర్చుని చూశారా?

నేను సంఘంలో చేరినప్పుడు మా పదిమందిలో సంతకం వచ్చినవాళ్ళు ముగ్గురం. మిగతా అందరివీ వేలిముద్రలే. మాకు చెప్పినవి ఐదే సూత్రాలు: క్రమం తప్పని మీటింగు, పొదుపు, లోపల లోపల అప్పులు ఇచ్చుకోవడం, సమయానికి కట్టడం, పుస్తకాలు రాయడం. పంచసూత్రాలు అంటారు. వినడానికి చిన్నవే. కానీ మీటింగు రోజు చుట్టాలొచ్చినా, పత్తి ఏరడానికి పోవాల్సి ఉన్నా వచ్చి కూర్చోవడం అలవాటవడానికే మాకు చాలా కాలం పట్టింది.

ఇవన్నీ మాకు నేర్పింది ఏసీ హాల్లో సార్లు కాదు. వేరే జిల్లా సంఘాల్లో బాగా నడిపిన ఆడవాళ్ళు, సీఆర్పీలంటారు, వచ్చి మా ఊళ్ళోనే ఉన్నారు. మాతోనే తిన్నారు, మా పుస్తకం తీసి "ఈ ఎంట్రీ ఎందుకు లేదక్కా" అని మొహం మీదే అడిగారు. మనలాంటి మనిషి అడిగితే సిగ్గేస్తుంది, సిగ్గేస్తే నేర్చుకుంటాం. సార్లు చెప్తే తలూపి ఇంటికెళ్ళిపోతాం.

నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాకి ఎదురు తిరిగింది 1992లో. వాళ్ళకు ఎవరు రిజిస్ట్రేషన్ చేయించారు? అక్షరాస్యత క్లాసుల్లో కలుసుకుని మాట్లాడుకున్నారు, అంతే.

కాబట్టి బాగా నడుస్తున్న యూత్ పక్క మండలంలో ఎక్కడైనా ఉందేమో వెతకండి. వాళ్ళలో ఇద్దర్ని పిలిచి నాలుగు రోజులు ఊళ్ళో ఉంచుకోండి. భోజనం ఖర్చే.

ఊరిమాట
అక్క చెప్పింది కరెక్టే గానీ మా యూత్ మీటింగుకి టైం పాటించేది ఐపీఎల్ ఉన్నప్పుడే.

సెక్రటరీ_గోడు
ఒక పంచాయతీ కార్యదర్శిగా నా వైపు మాట కూడా వినండి. పొద్దున లేవగానే పారిశుధ్యం ఫొటోలు యాప్‌లో పెట్టాలి. ఆ తర్వాత పన్నుల వసూళ్ళు, జనన మరణ ధ్రువపత్రాలు, ఉపాధి హామీ, నర్సరీ, వీధి లైట్లు, పైనుంచి వచ్చే సర్వేలు. మధ్యలో కుక్కల ఫిర్యాదులు. ఇంతలో ఆదివారం ఇరవైమంది కుర్రాళ్ళు వచ్చి "సార్ ఊరు మార్చేద్దాం" అంటారు. సోమవారం ఫోన్ చేస్తే ఒకడు కాలేజీలో, ఒకడు కరీంనగర్లో, ఒకడు స్విచాఫ్. అందుకే ఫొటోలకే పిలుస్తాం. నిజం చెప్తున్నా, మీరు ఆ ఒక్క పూటకి మాత్రం ఖాయంగా వస్తారు కాబట్టి.

నాకు కావాల్సింది ఉత్సాహం కాదు. ఒక పని, ఆ పనికి ఒక పేరు, ఒక ఫోన్ నంబరు. "రెండో వార్డు వీధి లైట్లు ఫలానా అబ్బాయి చూస్తాడు, ఏది వెలగకపోయినా స్తంభం నంబరుతో సహా ఆ రాత్రే మెసేజ్ పెడతాడు" అని రాసివ్వండి. అలాంటి కుర్రాణ్ణి ఏ కార్యదర్శీ వదులుకోడు.

ఇక చట్టంలోనే మీకు చోటుంది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంలో గ్రామానికి నాలుగు స్టాండింగ్ కమిటీలు ఉన్నాయి. పారిశుధ్యం, వీధి లైట్లు, మొక్కలు, పనుల పర్యవేక్షణ లాంటి వాటికి. ఒక్కోదాంట్లో పదిహేనుమంది, సగం మంది ఆడవాళ్ళు. 2019 సెప్టెంబర్‌లో 30 రోజుల ప్రణాళిక అప్పుడు అన్ని ఊళ్ళలో ఈ కమిటీలు వేశారు. కొత్త పాలకవర్గం వచ్చింది కదా, కమిటీల గురించి ఇప్పుడే అడగండి. సర్పంచ్ కాగితం అడిగాడంటే దారి తెరిచినట్టే.

చెట్టుకింద_చర్చ
సార్, ఆ 2019 కమిటీల్లో మా నాయన పేరు కూడా ఉంది. ఆయనకి ఆ సంగతి ఇప్పటికీ తెలియదు.

సెక్రటరీ_గోడు
ఉండొచ్చు. అరవైమంది పేర్లు అడిగి రాసే టైం ఎవరికుంది అప్పుడు? ఓటర్ల లిస్టు ముందు పెట్టుకుని రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. అందుకే చెప్తున్నా, మీరే పేర్లు తెచ్చిస్తే మాకు సగం పని తగ్గుతుంది.

ఆర్మూర్_రైతు
అందరూ సంఘం పెట్టండి, బలపడండి అంటున్నారు. మా నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు బలపడిన సంఘాలు ఎట్లుంటాయో చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. వీడీసీలు. గ్రామాభివృద్ధి కమిటీలు అని పేరు. అవి కూడా ఊరి బాగు కోసమే మొదలైనయి. తర్వాత బెల్టు షాపు వేలం, చికెన్ షాపు వేలం, మాట వినకపోతే జరిమానా. అదీ కట్టకపోతే ఆ ఇంటికి పాలు బంద్, కిరాణం బంద్, పొలానికి ట్రాక్టర్ రాదు. పోలీసు కేసుల దాకా పోయినవి ఎన్నో ఉన్నాయి. ఊరి దగ్గర కోట్లు తిరుగుతాయి, పంచాయతీ ఖాతాలో మాత్రం కరెంటు బిల్లుకి కూడా ఉండవు. ఓటేసి గెలిపించిన సర్పంచ్ పోయి వీడీసీ ముందు నిలబడతాడు.

ధర్మపురి తమ్మీ, మీ ఊళ్ళో కూడా ఒకటి ఉండే ఉంటది. వాళ్ళతో మీ సంబంధం ఏందో ముందే తేల్చుకోండి.

గల్ఫ్_మల్లన్న
అన్నా, అన్నిటినీ ఒక్క గాటన కట్టకు. మా ఊరి వీడీసీ ఫంక్షన్ హాలు కట్టింది, బడికి విద్యా వలంటీర్లను పెట్టి జీతమిచ్చింది, కోతులను పట్టించింది. పంచాయతీ దగ్గర పైసలు లేనప్పుడు ఎవరు చేయాలె మరి? మేం దుబాయ్ నుంచి పంపిన ప్రతి రూపాయికి రసీదు వచ్చింది.

ఆర్మూర్_రైతు
రసీదు వచ్చింది సరే మల్లన్నా. చందా ఇయ్యనోడి సంగతేంది? ఇష్టం లేనోడు ఇయ్యకుండా ఊళ్ళో బతకగలడా? అది చెప్పు.

గల్ఫ్_మల్లన్న
...మా ఊళ్ళో అట్లాంటిది కాలేదు.

ఆర్మూర్_రైతు
కమిటీలో దళితులు ఎంతమంది, ఆడోళ్ళు ఎంతమంది అనేది కూడా ఒకసారి చూసి చెప్పు.

బెజవాడ_బాబు
వలంటీర్ అనగానే మా ఆంధ్రాలో ఇంకో తిప్పలు. 2019 ఆగస్టు 15 నుంచి 50 ఇళ్ళకొకరు, నెలకి 5,000 గౌరవ వేతనం ఉండేది. జనానికి వలంటీర్ అంటే పెన్షన్ తెచ్చిచ్చే అబ్బాయి అని ముద్ర పడిపోయింది. ఇప్పుడు మేం స్వచ్ఛందంగా ఏదైనా చేస్తామంటే "మీకెంతిస్తున్నారు బాబూ" అని అడుగుతారు.

చెట్టుకింద_చర్చ
ఆ పాత పంచాయితీ మళ్ళీ ఎందుకు బ్రో, ఇప్పుడు రెండు పార్టీల వాళ్ళూ దిగుతారు ఇక్కడ.

మోడరేటర్
దిగితే తాళం వేస్తాను. విషయానికి రండి.

బెజవాడ_బాబు
సరే, విషయానికే వస్తున్నా. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి మా బెజవాడలో సింగ్ నగర్ మునిగినప్పుడు నేనూ మా ఫ్రెండ్సూ అన్నం పొట్లాలు పట్టుకుని వెళ్ళాం. మాలాంటి గుంపులు ఎన్నో. ఏం జరిగిందంటే, మెయిన్ రోడ్డు మీద, వీధి మొదట్లో ఉన్నవాళ్ళకి పొట్లాలు గుట్టలుగా చేరాయి. లోపలి వీధుల్లో మేడ మీద కూర్చున్నవాళ్ళకి మంచినీళ్ళు కూడా అందలేదు. నడుము లోతు నీళ్ళలో లోపలికి వెళ్ళాలంటే పడవ కావాలి, లేదా ఏ సందు ఎటు పోతుందో తెలిసిన మనిషి కావాలి.

ఆ రోజు మాకు బాగా పనికొచ్చింది ఎవరో తెలుసా? ఆ వీధిలోనే ఉండే ఒక ఆశా కార్యకర్త. ఏ ఇంట్లో బాలింత ఉంది, ఎవరు డయాలసిస్‌కి వెళ్తారు, ఏ ముసలాయన ఒంటరిగా ఉంటాడు, అన్నీ ఆవిడకి నోటికి తెలుసు. ఆ లిస్టు ముందే కాగితం మీద ఉండి, మాలాంటి వాళ్ళకీ వార్డు ఆఫీసుకీ రెండు చోట్లా ఉంటే ఎంత బాగుండేది. ఆపద మిత్ర అని కేంద్రం పథకం ఒకటి వచ్చింది, పన్నెండు రోజులు వరద సహాయం, ప్రథమ చికిత్స నేర్పించేవారు. మంచిదే. కానీ ఆ లిస్టు లేకపోతే ఎంత ఈత వచ్చినా ఎటు ఈదాలో తెలియదు.

ధర్మపురి బ్రో, మీ ఊళ్ళో చేయడానికి ఇది పైసా ఖర్చు లేని పని. ఇల్లిల్లూ తిరగాలి, అంతే.

వీఓ_అక్క
ఇల్లిల్లూ తిరిగే పని మగపిల్లలు ఒక్కళ్ళే చేస్తే కుదరదు బాబూ. బాలింత ఉందా అని పాతికేళ్ళ కుర్రాడు గుమ్మంలో నిలబడి అడిగితే ఎవరు చెప్తారు? ఆడపిల్లల్ని కలుపుకోండి. ఇంతకీ మీ పాతికమందిలో అమ్మాయిలెంతమంది?

ధర్మపురి_పోరడు
లేరక్కా. అందరూ పోరగాళ్ళమే.

వీఓ_అక్క
అనుకున్నా.

కొచ్చిలో_తెలుగోడు
నేను ఉద్యోగానికి కేరళ వచ్చాక చూసింది చెప్తా. ఇక్కడ 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టినప్పుడు రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థల చేతికిచ్చారు. డబ్బు ముందు వచ్చింది, దాన్ని ఎలా ఖర్చుపెట్టాలో నేర్పే శిక్షణ వెంటే వచ్చింది. రిటైరైన ఇంజినీర్లు, టీచర్లు వలంటీర్లుగా కూర్చుని పంచాయతీల ఎస్టిమేట్లు పరిశీలించారు. 1998లో కుటుంబశ్రీ అనే మహిళా సంఘాల పథకం వచ్చింది. దాని వార్డు సంఘాలు గ్రామసభకి తమ కోరికల జాబితాతో వస్తాయి. మన దగ్గర ఖాళీ ఖజానా పంచాయతీకి ట్రైనింగ్ ఇస్తారు. చేతిలో రూపాయి లేనివాడికి బడ్జెట్ క్లాసు ఎందుకు?

ఊరిమాట
మన వాళ్ళు కూడా కేరళ ఎక్స్‌పోజర్ విజిట్‌కి పోతారన్నా. బోటింగ్ ఫొటోలు చాలా బాగుంటాయి.

సెక్రటరీ_గోడు
ఖజానా మరీ అంత ఖాళీ కాదు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం గ్రాంటు ఆగుతుంది, మనకి ఆ రెండేళ్ళ దెబ్బ అదే. పాలకవర్గం వచ్చాక ఆ డబ్బుకి లెక్కుంటుంది. 15వ ఆర్థిక సంఘం (2025-26 దాకా) గ్రాంటులో 60 శాతం నీళ్ళకీ పారిశుధ్యానికీ కట్టేసిన డబ్బు, వేరేదానికి వాడకూడదు. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకి మాత్రం కాదు. ఈ తేడా తెలియకుండా గ్రామసభలో లేచి "కమ్యూనిటీ హాలు ఎందుకు కట్టరు" అని అరిస్తే మేం తలూపి ఊరుకుంటాం. "నీళ్ళకి కేటాయించినదాంట్లో ఎంత మిగిలింది" అని అడిగితే లేచి రిజిస్టర్ తీస్తాం.

ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైట్‌లో మీ పంచాయతీ పేరు ఎంచుకుంటే ఏటా వేసే జీపీడీపీ (గ్రామ పంచాయతీ అభివృద్ధి) ప్లానూ, చెల్లింపులూ కనిపిస్తాయి. లాగిన్ అక్కర్లేదు. అందులో కనపడని కాగితానికి ఆర్టీఐ ఉంది, గ్రామ స్థాయిలో ఫీజు కూడా లేదు. కానీ తమ్ముడూ, మొదటి రోజే ఆర్టీఐ పట్టుకుని రాకు. ముందు నోటితో అడుగు.

చెట్టుకింద_చర్చ
నోటితో అడిగితే ఇస్తే ఆర్టీఐ చట్టం ఎందుకొచ్చేది సార్ 😄

నల్లా_నాగరాజు
నేను నీళ్ళ పథకాల్లో పనిచేస్తా. ఇంతసేపూ అందరూ కమిటీలు, చట్టాలు అన్నారు. పిల్లలు రేపటి నుంచి చేయగలిగే పని ఒకటి చెప్తా వినండి.

మిషన్ భగీరథ నీళ్ళు ఊరి ట్యాంకు దాకా శుద్ధి అయ్యే వస్తాయి. ట్యాంకు నుంచి నల్లా దాకా బాధ్యత పంచాయతీది. మధ్యలో పైపు పగిలి మోరీ నీళ్ళు కలిసినా, ట్యాంకు కడగకపోయినా, నల్లా కాడికి వచ్చేసరికి క్లోరిన్ ఉండదు. దాన్ని కనిపెట్టడానికి క్లోరోస్కోప్ అని చిన్న డబ్బా ఉంటుంది. గాజు గొట్టంలో నల్లా నీళ్ళు గీత దాకా పట్టి, ఆర్థోటాలిడిన్ అనే రసాయనం చుక్కలు వేసి కదపండి. క్లోరిన్ ఉంటే నీళ్ళు పసుపు రంగుకి తిరుగుతాయి. పక్కనున్న రంగుల గాజుతో పోల్చి చూసుకోవాలి. ఆఖరి నల్లా దగ్గర కూడా లీటరుకి 0.2 మిల్లీగ్రాములు తగ్గకూడదు. తెల్లగా ఉండిపోయిందంటే ఆ వీధి నీళ్ళకి రక్షణ లేనట్టే. టెస్టు చేసిన నీళ్ళు పారబోయండి, తాగొద్దు.

నాకు తెలిసిన ఒక ఊళ్ళో కుర్రాళ్ళు ఇదే చేశారు. ట్యాంకు కింద ఒక నల్లా, నడి ఊళ్ళో ఒకటి, ఎస్సీ కాలనీ చివర ఒకటి. పొద్దున నీళ్ళు వదిలిన అరగంటకి టెస్టు, నోటుబుక్కులో తేదీ, టైం, రంగు. మొదటి రెండూ పసుపు. కాలనీ చివర నల్లా దగ్గర వరుసగా తెలుపే. ఆ పేజీలు జిరాక్స్ తీసి గ్రామసభలో సర్పంచ్ చేతికిచ్చారు. ఎవర్నీ తిట్టలేదు. పైపు తవ్వి చూస్తే మోరీ పక్కన జాయింటు ఊడి ఉంది. ఆ తర్వాత ఏ పైపు పని వచ్చినా పంచాయతీ ముందు వాళ్ళకే ఫోన్ చేసేది. మళ్ళీ చెప్తున్నా, వాళ్ళు పైపు బాగుచేయలేదు. బాగుచేయాల్సింది పంచాయతీ. వాళ్ళు చూసి రాశారు.

బ్లీచింగ్ సంగతి కూడా తెలుసుకోండి. తాజా పౌడర్ అయితే వెయ్యి లీటర్లకి సుమారు 2.5 గ్రాములు. బస్తా మూతి విప్పి నెలలు పడేస్తే దాని బలం పోతుంది, అప్పుడు ఎంత కలిపినా ఉపయోగం లేదు. స్టోర్ రూములో ఆ బస్తా మూతి ఎలా ఉందో చూడండి, సగం కథ అక్కడే తెలుస్తుంది.

ఆర్మూర్_రైతు
ఇది నచ్చింది. "వాళ్ళు బాగుచేయలేదు" అన్న మాట గుర్తుపెట్టుకో తమ్మీ. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చినప్పుడు మేం ఎంత సంబరపడ్డామో. కాలువ రైతులదే, పనులూ రైతులవే అన్నారు. కొన్నేళ్ళకి చాలాచోట్ల ప్రెసిడెంట్లే కాంట్రాక్టర్లయిపోయారు. పూడిక తీసింది తక్కువ, బిల్లు పెట్టింది ఎక్కువ. పని మీరే చేసి బిల్లు మీరే తీసుకోవడం మొదలైతే ఇంకెవర్ని ప్రశ్నిస్తారు?

గల్ఫ్_మల్లన్న
దీనికి మాత్రం నేను ఆర్మూర్ అన్నతోనే.

డాలస్_పల్లెటూరోడు
అయితే డబ్బు పంపొద్దంటారు. క్లోరోస్కోప్ పంపనా పోనీ? 😀

నల్లా_నాగరాజు
అక్కర్లేదు బాబూ. ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ఏఈ దగ్గరో పీహెచ్‌సీలోనో ఉంటాయి. జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల్లో ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకి నీళ్ళ టెస్టు కిట్ మీద ట్రైనింగ్ ఇవ్వాలని ఉంది. మీ ఊళ్ళో ఆ ఐదుగురు ఎవరో కనుక్కోండి ముందు. అక్క అడిగిన అమ్మాయిల సమస్య కూడా సగం తీరుతుంది.

ధర్మపురి_పోరడు
అందరికీ థాంక్స్. రాత్రి మావాళ్ళతో కూర్చున్నా. సర్పంచ్‌కి ఇచ్చే కాగితంలో రెండే రాస్తున్నాం. ఒకటి, మూడు నల్లాల దగ్గర క్లోరిన్ టెస్టు. రెండోది వీధి లైట్లు, వార్డుకొక పేరు, ఫోన్ నంబరు. మొక్కలు మేం రాయలేదు. మావాడొకడు "ఇక ఫొటోలకి పిలిస్తే పోవద్దు" అన్నాడు, దాని మీద గొడవైంది, తేలలేదు. రిజిస్ట్రేషన్ ఇప్పుడే వద్దనుకున్నాం. వీడీసీలో మా బాబాయే ఉన్నాడు, ఆ ముచ్చట ఇంట్లో తేల్చుకోవాలె.

వీఓ అక్కా, మా ఊరి గ్రామ సంఘం అధ్యక్షురాలిని అడిగితే "ముందు మా మీటింగుకి వచ్చి చాపలు వేయండి, తర్వాత చూద్దాం" అంది.

వీఓ_అక్క
వేయండి మరి. చాపలు వేసినవాళ్ళనే కూర్చోనిస్తారు.

సెక్రటరీ_గోడు
కాగితంలో ఇంకో లైను కలుపు. "టెస్టు వివరాలు రెండు నెలలకోసారి జరిగే గ్రామసభలో చదివి వినిపిస్తాం, మినిట్స్‌లో రాయాలి." మినిట్స్‌లోకి ఎక్కిన మాటని తర్వాత వచ్చే కార్యదర్శి కూడా కాదనలేడు. మాకు బదిలీలుంటాయి కదా.

లెక్కల_సారు
నోటుబుక్కుకి ఆరు గళ్ళు గీయండి: తేదీ, టైం, ఏ నల్లా, రంగు, చూసినవాడి సంతకం, ఎవరికి చెప్పాం. ఆఖరి గడి ముఖ్యం. పేజీలకి ముందే నంబర్లు వేయండి, చింపితే తెలియాలి.

ధర్మపురి_పోరడు
సార్, ఒక డౌటు. పొద్దున కరెంటు పోయి నీళ్ళు వదలకపోతే ఆ రోజు ఖాళీ వదిలేయాలా?

లెక్కల_సారు
వదలొద్దు. "నీళ్ళు రాలేదు" అని రాసి సంతకం పెట్టు. అదీ లెక్కే.

నల్లా_నాగరాజు
ఆర్థోటాలిడిన్ సీసా మీద గడువు తేదీ కూడా చూసుకోండి. పాతదైతే రంగు సరిగ్గా రాదు.